మీసం తీయని శిష్యులు

1940ల మొదట్లో బెజవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీలో ‘రాచమల్లు దౌత్యం’ అనే నాటకం వేయాలనుకున్నారు. అందులో నాగమ్మ అనే ఆడపాత్ర ఉంది. అప్పట్లో కాలేజీ నాటకాల్లో ఆడవేషం మగపిల్లలే కట్టాలి. తెలుగు చెప్పే విశ్వనాథ సత్యనారాయణ గారి చూపు, చూడచక్కని ఒక ఇంటర్ కుర్రాడి మీద పడింది. గుడివాడకూ బందరుకూ మధ్యనున్న నిమ్మకూరు నుంచి వచ్చిన రైతుబిడ్డ అతను. వేషానికి ఒప్పుకున్నాడు గానీ మీసం తీయమంటే ససేమిరా అన్నాడు. చివరికి మీసంతోనే నాగమ్మ రంగమెక్కింది. కాలేజీ అంతా అతనికి ‘మీసాల నాగమ్మ’ అని పేరు పెట్టింది. ఆ కుర్రాడు నందమూరి తారక రామారావు.

ఈ ముచ్చట తెలియని తెలుగువాళ్ళు తక్కువ. అయితే ఎవరు చెప్పినా ఎన్టీఆర్ పట్టుదల గురించే చెబుతారు. మాస్టారి వైపు నుంచి చూడటం అరుదు. విశ్వనాథవారు మెతక మనిషి కాదు. సంప్రదాయం మీద, తన పాండిత్యం మీద, తన మాట మీద ఆయనకున్న పట్టు లోకప్రసిద్ధం. మీసం తీయనన్న కుర్రాణ్ణి పక్కకు నెట్టి, ఆ వేషానికి ఇంకొకణ్ణి వెతుక్కోవడం ఆయనకు క్షణం పని. అలా చేయలేదు. కుర్రాడిలో ఏదో ఉందని కనిపెట్టారు, రంగం మీదికి తోశారు, మీసం సంగతి అతనికే వదిలేశారు.

కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు దీన్నే మెంటరింగ్ అంటున్నారు. పాఠం చెప్పడం ఒక పని. ఆ పాఠం దాటి, ఈ పిల్లవాడు ఏమవుతాడు, వాడికి ఏం అడ్డొస్తోంది, ఎక్కడ చేయి అందించాలి, ఎక్కడ చేయి తీసేయాలి అని చూడటం ఇంకో పని. ఈ రెండో పని గురించి బోలెడు మార్గదర్శకాలు, వర్క్‌షాపులు వచ్చాయి. కింది కృష్ణా డెల్టాలో మాత్రం ఈ పని చేసినవాళ్ళ చరిత్ర నూట ఎనభై ఏళ్ళ పొడుగుంది. ఆ చరిత్రలో ఒక వింత కనిపిస్తుంది. బాగా దారి చూపినవాళ్ళని పేరు పొందిన గురువుల శిష్యులు చాలామంది గురువు చూపిన దారిన పోలేదు.

మీసం విషయంలో ఆ పరంపర కూడా పాతదే. విశ్వనాథకు బందరు హైస్కూల్లో తెలుగు చెప్పినవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. తిరుపతి వేంకట కవులలో ఒకరు. ఆ జంట కవులు పండితులకు తగదని తెలిసీ మీసాలు పెంచారు. సంస్కృతం, తెలుగు రెండింటిలోనూ మేమే కవులమని చాటడానికే పెంచామనీ, మమ్మల్ని గెలిచినవాడుంటే మీసం తీసి మొక్కుతామనీ సవాలు పద్యమే చెప్పారు. అంత ధీమా ఉన్న మనిషి బడిలో తెలుగు పండితుడుగా కుదురుకుంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు? వ్యాకరణం సంగతేమో గానీ, ధీమా మాత్రం నేర్చుకున్నారు.

చెళ్ళపిళ్ళవారి ‘కథలు-గాథలు’ చదివినవారికి ఆయన మాటతీరు తెలుసు. ఒక సంగతి ఎత్తుకుంటారు, అందులోంచి మరో నాలుగు సంగతుల్లోకి జారుకుంటారు, ఎక్కడో తిరిగి తిరిగి మొదటిచోటికి వస్తారు. సిలబస్ లెక్కన చూస్తే ఇది కాలయాపన. కానీ ఆ బందరు బడి నుంచి విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేంపరాల సూర్యనారాయణశాస్త్రి వచ్చారు. ఒక్క పండితుడి చేతి కింద, ఒక్క ఊళ్ళో, కొద్ది ఏళ్ళ వ్యవధిలో ఇంతమంది! పింగళి, కాటూరి గురువుల్లాగే జంటకట్టి ‘సౌందరనందము’ రాసి ఆయనకే అంకితమిచ్చారు. విశ్వనాథ దారి వేరు. గురువుగారి పద్యం నోటి మాటలా జారిపోతుంది. శిష్యుడి పద్యాన్ని పాషాణపాకమన్నారు, నమలడానికి పళ్ళు గట్టిగా ఉండాలి. ‘రామాయణ కల్పవృక్షం’ మొదట్లో గురువును తలచుకుంటూ ఆయన చెప్పిన మాట ఇంకా గమ్మత్తయినది. నాలాంటి శిష్యుడు దొరికిన భాగ్యం చెళ్ళపిళ్ళవారిది, అది నన్నయకూ లేదు, తిక్కనకూ లేదు అని దాని సారాంశం. గురుస్తుతి అనాలో ఆత్మస్తుతి అనాలో తేలక విమర్శకులు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ శిష్యుడికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. అప్పటికి చెళ్ళపిళ్ళవారు పోయి ఇరవై ఏళ్ళు.

గణిత శాస్త్రజ్ఞులు ఇంటర్నెట్లో తమ గురుపరంపరల చిట్టా ఒకటి నడుపుతున్నారు. ఎవరికి ఎవరు గైడో, ఆ గైడుకు ఎవరు గైడో అలా వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళవచ్చు. మన కవులకు అలాంటిది కడితే చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర మొదలై, తిరుపతి వేంకట కవుల మీదుగా, విశ్వనాథ మీదుగా ఒక కొమ్మ ఎన్టీఆర్‌తో తెలుగు సినిమా దాకా, అక్కడినుంచి రాష్ట్ర సచివాలయం దాకా సాగుతుంది.

ఇదంతా తెలుగు పండితుల ముచ్చట. ఇంగ్లీషు చదువుల్లో ఈ సంగతి ఇంకా ముందే, ఇంకా చిక్కుగా మొదలైంది.

1841లో రాబర్ట్ నోబుల్ అనే కేంబ్రిడ్జి పట్టభద్రుడు మిషనరీగా బందరు వచ్చాడు. 1843లో బడి పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. పెళ్ళి చేసుకోలేదు, 1865లో బందరులోనే చనిపోయే దాకా ఒక్కసారి కూడా స్వదేశానికి పోలేదు. ఇరవై నాలుగేళ్ళు పిల్లలతోనే గడిపాడు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరిమీద పడి సుమారు 30,000 మందిని మింగిన ఉప్పెనను కూడా చూశాడు. ఇంతటి త్యాగానికి ఒక మెలిక కూడా ఉంది: పిల్లలు తన మతంలోకి రావాలి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు, తరగతులు ఖాళీ అయ్యాయి. తర్వాత పిల్లలు మెల్లగా తిరిగివచ్చారు, బడి నిలదొక్కుకుంది. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. పై కులాల పిల్లల్ని రప్పించాలన్న లెక్కతో ఆ బడి మొదట్లో కింది కులాలుగా చూసినవాళ్ళకు తలుపు తీయలేదు. శిష్యుల కోసం జీవితం ధారపోసిన మనిషి కూడా శిష్యులను ఏరుకున్నాడు, వాళ్ళు చేరవలసిన చోటు ముందే నిర్ణయించుకున్నాడు.

ఆ కాలేజీకే 1890లలో ఒక బందరు మనిషి ఇంగ్లీషు అధ్యాపకుడై వచ్చాడు. రఘుపతి వేంకటరత్నం నాయుడు. పుట్టింది 1862 అక్టోబరు 1న బందరులోనే. తండ్రి సైన్యంలో సుబేదారు కావడంతో చిన్నతనమంతా ఉత్తరాదిన, హైదరాబాదులో గడిచింది. తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి ప్రిన్సిపాల్ విలియం మిల్లర్ చేతిలో పడ్డాడు. మిల్లర్‌ది నోబుల్‌కు భిన్నమైన తరహా. ఎంతమంది మతం మారారన్న లెక్క ఆయనకు అక్కర్లేదు. మంచి చదువు మనిషిలోకి ఇంకితే చాలు, అది ఏ రూపంలో బయటికొస్తుందో వాడి ఇష్టం అనేవాడు. సొంత డబ్బు కాలేజీ మీద పోశాడు, విద్యార్థుల వసతి కోసం పాటుపడ్డాడు. నాయుడుగారు మిల్లర్‌ను జీవితాంతం గురువుగా కొలిచారు. క్రైస్తవుడు మాత్రం కాలేదు, బ్రహ్మసమాజంలో చేరారు. మిల్లర్ ఆయనను దూరం పెట్టలేదు.

ఈ పాఠం నాయుడుగారి ఒంటికి పట్టింది. ఆయన పద్ధతి గురించి శిష్యులూ సమకాలికులూ రాసిందంతా ఒకచోట పెట్టి చూస్తే మూడు నాలుగు సంగతులు తేటగా కనిపిస్తాయి. మొదటిది, ఇల్లు. భార్య 1889లో చనిపోయింది, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడ ఉద్యోగం చేసినా ఆయన ఇల్లు బీద విద్యార్థులకు సత్రం. జీతంలో ఎక్కువ భాగం వాళ్ళ తిండికీ, ఫీజులకూ, పుస్తకాలకూ పోయేది. రెండోది, సమయం. తరగతి గంటతో కొలిచే సమయం కాదు. సాయంత్రం ప్రార్థన సమావేశాలు, షికార్లు, షేక్స్పియర్ నుంచి సంఘసంస్కరణ దాకా సాగే సంభాషణలు. మూడోది, నడవడి. తెల్లటి బట్టలు తప్ప కట్టేవారు కాదు, తాను చెప్పిన నియమం ఏదైనా ముందు తానే పాటించేవారు. పిల్లలు మాటల కంటే దీన్నే ఎక్కువ చూస్తారని ఏ ఊరి మాస్టారికైనా తెలుసు.

ఇక్కడ ఆగి, ఆయన నియమాల్లో ఒకదాన్ని కొంచెం నిదానంగా చూడాలి. భోగం మేళాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమానికి నాయుడుగారు తెలుగునాట పెద్ద దిక్కు. పెళ్ళిళ్ళకూ విందులకూ మేళం పెట్టిస్తే పోకూడదని విద్యార్థుల చేత ఒట్టు వేయించేవారు. ఒక దురాచారాన్ని ఎదిరించిన ధైర్యం అందులో ఉంది. కానీ ఆ ఉద్యమంలో ఆ మేళాల్లో ఆడిపాడే కళావంతుల ఆడవాళ్ళ మాట వినబడదు. వాళ్ళ జీవనం, వాళ్ళ ఆటపాటలు, వాళ్ళ పరువు ఏమైపోవాలన్న ప్రశ్న ఆ ఒట్టు వేసిన కుర్రాళ్ళకు ఎవరూ వేయలేదు. నీతిలో రవ్వంత సందేహం లేని గురువు దగ్గర పెరిగిన పిల్లలకు ఆ సందేహం ఎక్కడి నుంచి రావాలి? గొప్ప మెంటర్లందరిలోనూ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. ఎంత ప్రేమగా చెబితే అంతగా ఎదురు ప్రశ్న అణగిపోతుంది.

ఆశ్చర్యమేమంటే, నాయుడుగారి శిష్యుల్లో మేటివాళ్ళు అణగిపోలేదు. నోబుల్ కాలేజీలో ఆయన చేతికింద చదివినవారిలో ముగ్గురి పేర్లు బందరులో కలిపే చెబుతారు: కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య. ముగ్గురూ దాదాపు ఒకే వయసువాళ్ళు. ముట్నూరివారిది దివి తాలూకా ముట్నూరు, పట్టాభిది గోదావరి వైపు గుండుగొలను. గురువుగారు ఇంగ్లీషు చదువు మీద, ఆ చదువు తెచ్చే సంస్కారం మీద నమ్మకం పెట్టుకున్నవారు. ప్రభుత్వం 1924లో ఆయనకు ‘సర్’ బిరుదిచ్చింది. శిష్యులేమో 1907లో బిపిన్ చంద్రపాల్‌ను బందరు రప్పించి స్వదేశీ ఉపన్యాసాలు ఇప్పించారు. 1910లో అదే ఊళ్ళో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. ప్రభుత్వ గుర్తింపు అక్కర్లేదు, దొరల పరీక్షలక్కర్లేదు, నేతపని, వడ్రంగం, కమ్మరం, చిత్రలేఖనం కూడా చదువే అన్నారు. తాము చదివిన నోబుల్ కాలేజీకి ఎదురు జవాబులాంటి కాలేజీ అది. హనుమంతరావు న్యాయవాద వృత్తి వదిలి ఆ కళాశాలకే అంకితమై, 1922లో నలభై చిల్లర ఏళ్ళకే కన్నుమూశారు. పక్కనే భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య అక్కడే పనిచేస్తూ 1916లో జాతీయ జెండా నమూనాల పుస్తకం అచ్చువేశారు. పట్టాభి వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టి, అది మాని కాంగ్రెస్‌లోకి దిగారు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

రాజకీయంగా చూస్తే గురువూ శిష్యులూ ఎదురెదురు గట్లు. అయినా ముగ్గురూ ఆయనను గురువనే చెప్పుకున్నారు. తిరగబడటానికి కావలసిన సరంజామా ఆయన దగ్గరే తీసుకున్నారు మరి. పదిమంది ముందు నిలబడి మాట్లాడటం, నమ్మినదానికి డబ్బూ హోదా వదులుకోవడం, ఊరి పిల్లల చదువును సొంత పనిగా నెత్తిన వేసుకోవడం వాళ్ళు ఎక్కడ చూశారు? నాయుడుగారి ఇంట్లోనే.

ముట్నూరి కృష్ణారావు అయితే ఏ కాలేజీలోనూ పాఠం చెప్పకుండానే అధ్యాపకుడయ్యారు. 1902లో మొదలైన కృష్ణాపత్రికకు 1907 నుంచి 1945లో చనిపోయే దాకా సంపాదకులు ఆయనే. సాయంత్రమైతే ఆ ఆఫీసులో ‘దర్బారు’ కొలువుదీరేది. కవులు, చిత్రకారులు, నిరుద్యోగ పట్టభద్రులు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్ళు. అక్కడ హాజరు పట్టీ లేదు, ఫలానా విషయమని లేదు. ముట్నూరివారు ఎక్కువ మాట్లాడేవారు, నిజమే, కానీ కుర్రవాడు తెచ్చిన కథనో బొమ్మనో చూసి అచ్చు వేసేవారు. ‘వడగళ్ళు’ శీర్షికతో పేరు తెచ్చుకున్న రావూరు సత్యనారాయణరావు ఆ నీడన ఎదిగినవారే. ప్రోత్సాహం అంటే వీపు తట్టడమని చాలామంది అనుకుంటారు. పత్రికలో చోటివ్వడం అంతకంటే ఖరీదైన ప్రోత్సాహం. అందులో సంపాదకుడి పేరు కూడా పణంగా పెట్టాలి.

ఆ రోజుల్లో ఒక్కో గురువు శిష్యుణ్ణి తన దగ్గరి నుంచి పంపించి కూడా మేలు చేశాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వతహాగా చిత్రకారుడు. దామెర్ల రామారావు చేతిలో బొమ్మ ఉందని గుర్తించి, ఇక్కడ నీకు నేర్పేవాళ్ళు లేరని సొంత ఖర్చుతో బొంబాయి జె.జె. స్కూల్‌కు పంపించాడు. కూల్డ్రే దగ్గరే తొలి ఓనమాలు దిద్దిన అడివి బాపిరాజు తర్వాత బందరు జాతీయ కళాశాలకు వచ్చి ప్రమోద్‌కుమార్ ఛటోపాధ్యాయ దగ్గర బెంగాలీ శైలి నేర్చుకున్నారు. కొన్నేళ్ళకు అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యారు. నాకు తెలిసింది ఇంతే, మిగతాది ఇంకొకరి దగ్గర నేర్చుకో అని చెప్పగలిగిన అధ్యాపకులు ఆ కాలంలోనూ కొద్దిమందే, ఈ కాలంలోనూ కొద్దిమందే.

నాయుడుగారి కథ బందరుతో అయిపోలేదు. సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో కొన్నేళ్ళు పనిచేసి, 1904లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. 1919 దాకా ఉన్నారు. అక్కడ ఆయన మెంటరింగ్‌కు అధికారం కూడా తోడయింది. మగపిల్లలతో కలిపి ఆడపిల్లలను కాలేజీలో చేర్చుకున్నారు. నోబుల్ తలుపు తీయని కులాల పిల్లలకు ఈయన తీశారు, పిఠాపురం మహారాజు సాయంతో వాళ్ళకు హాస్టల్ పెట్టించారు, అనాథ శరణాలయం నడిపించారు. విద్యార్థికి సలహా చెప్పే ప్రతి అధ్యాపకుడికీ ఒక హద్దు దగ్గర తెలిసొచ్చే విషయం ఇది. వాడి కష్టం సలహాతో తీరేది కాకపోతే? హాస్టల్ లేని పిల్లవాడికి క్రమశిక్షణ గురించి ఎంత చెప్పి ఏం లాభం? అప్పుడు హాస్టలే కట్టాలి.

కాకినాడలోనే ఆయనకు అతి పెద్ద పరీక్ష కూడా ఎదురైంది, అది ఒక విద్యార్థి రూపంలో వచ్చింది. గుడిపాటి వెంకటచలం ఆ కాలేజీలో చదువుకుంటూ నాయుడుగారి ప్రభావంలో పడి, ఇంట్లోవాళ్ళను కాదని బ్రహ్మసమాజం వైపు నడిచాడు. కొన్నేళ్ళలోనే దాన్నీ దాటిపోయాడు. పవిత్రత పేరుతో ఒట్లు వేయించిన గురువుకు శిష్యుడై, 1927లో భర్తను వదిలి ప్రియుడితో వెళ్ళిపోయిన స్త్రీ కథ ‘మైదానం’ రాశాడు. గురుశిష్యుల మధ్య ఇంతకంటే దూరం ఉండదేమో. అయినా సమాజం ఏమనుకున్నా నమ్మినట్టు బతకాలన్న మొండితనం ఇద్దరిలోనూ ఒకటే. చలం ‘బిడ్డల శిక్షణ’ అని పిల్లల పెంపకం మీద పుస్తకం కూడా రాశాడు. పిల్లల మీద పెద్దలు ఏ అచ్చూ గుద్దకూడదని వాదించే ఆ రచయిత, తన కాలంలోని అతి బలమైన అచ్చు కిందినుంచి బయటికి వచ్చినవాడు.

నాయుడుగారు 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. 1939 మే 26న కాకినాడలో కన్నుమూశారు. కాలేజీ వదిలిన తర్వాతి రోజుల్లో కూడా ఇంటిచుట్టూ విద్యార్థులే.

గుడివాడ వైపుకు వస్తే కథ సైన్సులోకి మళ్ళుతుంది. ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం చిన్నప్పటి చదువు గుడివాడలో సాగింది. హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చదివాక, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ ప్రయోగశాలలో చేరాడు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమే అది. రామన్ సామాన్యమైన గైడు కాదు. కోపిష్టి, పనిరాక్షసుడు, మెచ్చుకోవడంలోనూ తిట్టడంలోనూ హద్దు లేని మనిషి. కానీ 1931లో, నోబెల్ బహుమతి చేతికొచ్చిన మరుసటి ఏడాది, కాంతికణానికి స్పిన్ అనే గుణం ఉందని చూపే ప్రయోగ ఫలితాలను ఇరవై రెండేళ్ళ భగవంతం పేరు తన పేరు పక్కన పెట్టి ప్రచురించాడు. పరిశోధన లోకంలో గైడు ఇవ్వగలిగిన అసలైన కానుక ఇదే. సిఫారసు ఉత్తరాలు ఎన్నయినా రాయవచ్చు, పేపరు మీద పేరు వేరు. ఈ రోజుకీ విశ్వవిద్యాలయాల్లో గైడుకూ స్కాలర్‌కూ మధ్య వచ్చే తగాదాల్లో సగం పేర్ల దగ్గరే వస్తాయి.

1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. అప్పటికి వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇరవై మూడేళ్ళు కూడా సరిగా నిండని వాడికి భౌతికశాస్త్రం అప్పగించడం కూడా ఒక నమ్మకమే. తర్వాత భగవంతం తన దగ్గర పనిచేసిన టి.వెంకటరాయుడుతో కలిసి, గ్రూప్ థియరీని భౌతిక సమస్యలకు ఎలా అన్వయించాలో చెప్పే పుస్తకం రాశాడు. 1948లో వాల్తేరు నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించిన ఆ పుస్తకాన్ని విదేశాల్లో కూడా చదివారు. ఆ తర్వాత భగవంతం ఉస్మానియా వైస్ చాన్సలర్, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు.

గుడివాడలోనే ఇంకో రకం ఉదాహరణ ఉంది. పక్కనున్న రామాపురంలో పుట్టి, ప్రాథమిక బడి దాటి చదవలేకపోయిన అక్కినేని నాగేశ్వరరావు, సినిమాల్లో నిలదొక్కుకుంటున్న 1950ల తొలిరోజుల్లోనే గుడివాడ కాలేజీకి లక్ష రూపాయలు ఇచ్చాడు. కాలేజీకి ఆయన పేరే పెట్టారు. తాను ఎక్కని మెట్టు మీద పిల్లల్ని నిలబెట్టినవాణ్ణి కూడా ఈ జాబితాలో చేర్చవచ్చు.

ఇప్పుడు బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. 2008లో వచ్చింది. నోబుల్ కాలేజీ దాని పరిధిలోనే నడుస్తోంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు నుంచి, గుడివాడ, కైకలూరు వైపు నుంచి పిల్లలు వస్తారు. వీళ్ళలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కుతున్నవాళ్ళు చాలామంది. తండ్రి రొయ్యల చెరువు మీదో, కౌలు పొలంలోనో, పడవ మీదో ఉంటాడు. దివిసీమ పిల్లల తాతల తరం 1977 నవంబరు 19 ఉప్పెనలో ఊళ్ళకు ఊళ్ళే పోగొట్టుకుని మళ్ళీ మొదలుపెట్టినది. పీజీ చేయాలా, గ్రూప్స్‌కు కూర్చోవాలా, హైదరాబాద్ పోయి కోచింగ్ తీసుకోవాలా, చెరువు చూసుకోవాలా అన్న ప్రశ్న ఇంట్లో అడిగితే జవాబు చెప్పేవాళ్ళుండరు. అడగవలసింది కాలేజీలోనే.

కాగితం మీద దానికి ఏర్పాటు ఉంది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి 25 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు కౌన్సెలర్‌గా ఉండాలంది. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ కూడా మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులో నిష్పత్తి అడుగుతూ వచ్చింది. అందుకని చాలా కాలేజీల్లో మెంటర్ రిజిస్టర్లు ఉంటాయి. పేరు, హాజరు, మార్కులు, తల్లిదండ్రుల ఫోన్ నంబరు, సంతకం. తనిఖీ ముందు వారం ఆ సంతకాలు ఎలా నిండుతాయో అధ్యాపకులకే బాగా తెలుసు. తప్పంతా వాళ్ళ మీద వేయడం అన్యాయం. ఖాళీ పోస్టులు భర్తీ కాక, కాంట్రాక్టు జీతంతో మూడు సబ్జెక్టులు చెబుతున్న లెక్చరర్‌ను నాయుడుగారిలా ఇల్లు సత్రం చేయమనడం కుదరదు, చేయకూడదు కూడా. ఆ కాలపు ఇంటి చదువు అంతా మగపిల్లల లోకం. ఇప్పుడు తరగతిలో సగానికి సగం ఆడపిల్లలు. సాయంత్రం గురువుగారింట్లో కూర్చునే పద్ధతి వాళ్ళకు ఎంతమాత్రం సరిపోదు. తలుపు తెరిచిన గది, నిర్ణీత వేళ, ఫిర్యాదు చేసుకోవడానికి ఇంకొక చోటు ఇప్పుడు తప్పనిసరి.

పరిశోధనలో లెక్క ఇంకా కచ్చితం. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పీహెచ్‌డీ స్కాలర్ల కంటే ఎక్కువ ఉండకూడదు. రిటైర్మెంట్ మూడేళ్ళలోపు ఉంటే కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఎనిమిది మంది కూడా చిన్న సంఖ్య కాదు. ఒక్కొక్కరి అధ్యాయం చదివి, ఎర్రసిరాతో దిద్ది, కూర్చోబెట్టి మాట్లాడాలంటే వారం చాలదు. అందుకే స్కాలర్లు చేరేముందు గైడు గారి పరిశోధన ఏమిటని అడగడం కంటే ముందు సీనియర్లను ఇంకోటి అడుగుతారు: ‘సార్ దొరుకుతారా?’

దొరికే అధ్యాపకులు ఈ డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు రేపనగా సర్వర్ పనిచేయకపోతే తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి కూర్చోబెట్టేవారు, వేట సీజన్లో మూడు వారాలు కనబడని కుర్రాడి ఊరికి కబురు పెట్టేవారు, కూతురి పీజీ మాన్పించి పెళ్ళి చేస్తామన్న తండ్రితో గంటసేపు మాట్లాడేవారు. ఆ గంట ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. ఆ అమ్మాయి పీజీ అయ్యాక వాళ్ళు చెప్పిన బీఎడ్ కాదని బ్యాంకు పరీక్ష రాస్తానంటే, ఫీజు కట్టడానికి చివరి తేదీ ఎప్పుడో చూసి చెప్పేదీ వాళ్ళే.